ఫోటోకి అడ్డొచ్చిన తాత



పోయిన వారం వీడియో చివర్లో ఒక ప్రశ్న వదిలేశాను. క్షేత్రానికి వెళ్ళడం, టూర్‌కి వెళ్ళడం రెండూ ప్రయాణాలే కదా, మరి తేడా ఎక్కడుంది? పది నిమిషాల వీడియోలో అది తేలలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకే తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలిందని కాదు గానీ, ఆ ప్రశ్న నాకు ఎక్కడ పుట్టిందో చెప్తే మీరే ఆలోచిస్తారని రాస్తున్నాను. కొంచెం పెద్దదైంది, తీరిగ్గా చదవండి.

మాది ప్రొద్దుటూరు పక్కన రాజుపాలెం. సముద్రం అంటే మాకు సినిమాలో కనిపించేదే. మా వైపు పిల్లలకి నీళ్ళంటే కుందూ. వెల్లాల సంజీవరాయుడి గుడికి పోయినప్పుడు అందులో మునిగి, తడి బట్టలతోనే ప్రదక్షిణలు చేస్తాం. ఆ కుందూ పోయి పెన్నాలో కలుస్తుందనీ, పెన్నా పోయి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుందనీ బళ్ళో చదువుకున్నాం. అంతే పరిచయం. అందుకే ఇంజనీరింగ్ అయిపోయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక, టీమ్‌లో ఎవరు బీచ్ అన్నా ముందు చెయ్యెత్తేది నేనే.

ఒక మే నెలలో ఆరుగురం కలిసి విశాఖ వెళ్ళాం. రుషికొండ దాటాక, భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు మీద ఒక రిసార్ట్. పేరు అనవసరం. గదిలో టేబుల్ మీద ఒక అందమైన కార్డు పెట్టారు. ఈ తీరం ఒకప్పుడు చిన్న జాలరి పల్లె అనీ, ఇవాళ దేశంలోని మంచి బీచ్‌లలో ఒకటనీ అందులో ఉంది. రెండో సగం నిజమే. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, పర్యావరణ నిర్వహణ లాంటి 33 కొలమానాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. ఆ సంవత్సరం మన దేశంలో దాన్ని అందుకున్న ఎనిమిది బీచ్‌లలో మన రుషికొండ ఒకటి. గర్వపడాల్సిందే.

మొదటి సగం సంగతి మర్నాడు పొద్దున తెలిసింది. సూర్యోదయం ఫోటోల కోసం ఐదున్నరకి ఒడ్డుకి వెళ్ళాం. గ్రూప్ ఫోటోకి సరిగ్గా నిలబడే చోట ఒక ముసలాయన ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మేం ఎటు జరిగినా ఆయన, ఆయన నీలం వల, వెనకాల బోర్లించిన ఫైబర్ బోటు ఫ్రేములో పడుతున్నాయి. నేనే వెళ్ళి చాలా మర్యాదగా అడిగాను. "తాతా, రెండు నిమిషాలు కొంచెం పక్కకి జరుగుతారా? ఫోటో తీసుకుంటాం."

"పర్లేదు బాబూ, తీసుకోండి" అని ఆయన లేచాడు. అంత పెద్ద వలని చుట్టలాగా భుజాన వేసుకుని, పది అడుగులు పోయి మళ్ళీ పరుచుకుని కూర్చున్నాడు. ఫోటో బాగా వచ్చింది. చాలా రోజులు నా డీపీ అదే.

నా పద్ధతిలో తప్పేమీ లేదు. "మీరు" అన్నాను, నవ్వాను, థాంక్యూ చెప్పాను. అందుకే ఆ సంగతి చాలాకాలం నాకు గుర్తుకూడా రాలేదు.

ఫోటోలయ్యాక మావాళ్ళు అక్కడున్న రాళ్ళ వైపు నీళ్ళలోకి పరుగెత్తారు. తాత గట్టిగా కేకేశాడు. "ఆ రాళ్ళ పక్కన దిగకండి బాబూ! పైకి నిమ్మళంగానే కనపడతాది. లోపల లాగేత్తాది." మావాడొకడు విసుక్కున్నాడు గానీ వెనక్కి వచ్చాడు. విశాఖ తీరంలో ప్రతి ఏడాదీ ఎన్ని ప్రాణాలు పోతున్నాయో మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

నాకు మాట కలపడం అలవాటు కాబట్టి కాసేపు ఆయన పక్కన కూర్చున్నాను. వేటకి వెళ్ళలేదా అని అడిగితే నవ్వాడు. "సెలవులు మీకూ మాకూ ఒక్కసారే వచ్చీసినాయి బాబూ." అప్పుడు తెలిసింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలవేట నిషేధం. ఇంజను లేని నాటు తెప్పలకి మినహాయింపు, మిగతా పడవలన్నీ ఒడ్డునే. ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. పది వేలు ఉండేది, 2025లో ఇరవై వేలు చేశారు. ఎందుకు ఈ నిషేధం అంటే ఆయన చెప్పింది నేను మర్చిపోలేను. "సేపలు గుడ్లెట్టే కాలం. పురిటింట్లోకి ఎల్తామేటి?"

ఆయన ఆ మాట అంటుండగా వెనకాల జెట్ స్కీ రొద పెడుతూ పోయింది. మనం అలాంటిది చూసినప్పుడు ఒక రీలు తీస్తాం. ఆయన కనీసం తలకూడా తిప్పలేదు.

ఇంకో విషయం చెప్పాడు. నా లాంటి ఇంజనీరుకి మతిపోయే విషయం. నడి సముద్రంలో చేపలుండే చోటు మళ్ళీ ఎలా కనుక్కుంటారు అని అడిగాను. ఒడ్డున ఒక కొండ వెనక ఇంకో కొండ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడుపుతారట. పక్కకి తిరిగి ఇంకో రెండు గుర్తులు వరస కలిసేదాకా జరుపుతారట. రెండు గీతలు కలిసిన చోటు వాళ్ళ చోటు. సింహాచలం కొండ ఎటు కనపడాలో, రుషికొండ ఎటు కనపడాలో ఆయనకి నోటికి వచ్చు. మనం సెకండియర్‌లో సర్వేయింగ్ ల్యాబ్‌లో థియోడలైట్ పెట్టుకుని తిప్పలు పడ్డది ఇదే. ఆయన బడికి పోలేదు. "ఇప్పుడు మా మనవడికి పోన్లోనే తెలిసిపోతాది. మా కాలానికి కొండలే" అన్నాడు. మా గదికి "హిల్ వ్యూ" అని వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టాం. ఆ కొండ ఆయనకి వ్యూ కాదు, అడ్రసు.

రిసార్టుకి తిరిగి వచ్చేసరికి మా వాళ్ళలో ఒకరు రిసెప్షన్‌లో గొడవ పెట్టుకుంటున్నారు. గది వెనక వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తోంది, వేరే గది కావాలని. ప్రహరీ గోడ అవతలే జాలర్ల పేట. "ఒకప్పుడు" అని కార్డులో రాసిన పల్లె గోడకి అటుపక్కన ఉంది. ఇళ్ళున్నాయి, అమ్మవారి గుడి ఉంది, ఎండబెట్టిన చేపలున్నాయి, కుళాయి దగ్గర బిందెల వరస ఉంది. నాకూ ఆ వాసన ఇబ్బందిగానే ఉందని ఒప్పుకుంటాను. కానీ మహాభారతం మనకి ఇచ్చిన వ్యాసుడు ఎవరి కొడుకు? యమునలో పడవ నడిపిన బెస్తపిల్ల సత్యవతి కొడుకు. ఆమెకి మొదట్లో ఉన్న పేరే మత్స్యగంధి. వ్యాస పూర్ణిమకి మనం పోస్టులు పెడతాం. ఆ వాసన వస్తే మాత్రం గది మార్చమంటాం.

మూడో రోజు భీమిలి కూడా చూశాం. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో వచ్చి వ్యాపారం చేసిన ఊరు, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అక్కడి డచ్చి సమాధుల మీద పేర్లున్నాయి, తేదీలున్నాయి. ఆ ఒడ్డున తరతరాలుగా వల వేసినవాళ్ళ పేర్లు నేను చూసినంతలో ఏ రాయి మీదా లేవు. తర్వాత ఇంటికి వచ్చేశాం. ట్రిప్ సూపర్ అని గ్రూపులో రాసుకున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మా అమ్మ పుట్టిల్లు తాళ్ళప్రొద్దుటూరు. కొండాపురం మండలం. గండికోట రిజర్వాయర్ కింద మునిగిన ఊళ్ళలో అదీ ఒకటి. 2020లో నీళ్ళు నింపినప్పుడు ఊరు ఖాళీ అయింది. నేను వేసవి సెలవులన్నీ గడిపిన ఇల్లు, చింతచెట్టు, రచ్చబండ, అన్నీ నీళ్ళ కింద ఉన్నాయి. దీని మీద నేను ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. మా అవ్వ కూడా తిట్టదు. ఒకసారి నేను కోపంగా ఏదో అంటే ఆమె అన్న మాట ఇది. "నీళ్ళు రావాలని మేమే గదరా అబ్బీ మొక్కుకున్నది. వచ్చినాయి. మునిగేది మన ఊరే అయితే ఏం జేస్తాం."

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు అవ్వ ఒకసారి అటు తీసకపొమ్మంది. కారులో వెళ్ళి, నీళ్ళు కనిపించే చోట ఆపాం. జనవరి ఎండ, నీళ్ళు నీలంగా, అవతల కొండలు. నిజంగానే చాలా అందంగా ఉంటుంది. గండికోటకి వచ్చేవాళ్ళు, ఆ లోయ చూసి, టెంట్లలో పడుకుని, పొద్దున్నే ఇటు కూడా వస్తుంటారు. అప్పుడు కూడా ఒక నలుగురు కుర్రాళ్ళున్నారు, మన వయసే. అవ్వ నీళ్ళ అంచుదాకా పోయి నిలబడి, కొంగు నెత్తిన వేసుకుని అటే చూస్తోంది. ఏం చూస్తోందో నాకు తెలుసు.

వాళ్ళలో ఒకబ్బాయి వచ్చాడు. మంచి పిల్లోడే. నవ్వుతూ అడిగాడు. "అవ్వా, కొంచెం పక్కకి జరుగుతావా? ఫ్రేములో పడుతున్నావ్."

అవ్వ జరిగింది. ఏమీ అనుకోలేదు. నాకే ఒక్కసారి ఒళ్ళంతా వేడెక్కింది. నోరు తెరిచి ఏదో అనబోయాను. అప్పుడు నాకు నీలం వల గుర్తొచ్చింది.

ఆ అబ్బాయిని నేనేమీ అనలేకపోయాను. ఏమనాలి? అతను చేసింది నేను చేసిందే. అతనికి అది రిజర్వాయర్ వ్యూ. "ఇక్కడ ఒకప్పుడు ఊరుండేదంట" అని ఎవరో చెప్పే ఉంటారు. ఒకప్పుడు అన్న మాట ఎంత పని చేస్తుందో అక్కడ అర్థమైంది. ఒకప్పుడు అనగానే ఇప్పుడు ఎవరూ లేరని అర్థం. ఎవరూ లేకపోతే ఎవరినీ అడగక్కర్లేదు. మన సంతోషానికి లెక్క చెప్పాల్సిన మనిషి ఎదురుగా వల బాగుచేసుకుంటున్నా, కొంగు కప్పుకుని నిలబడ్డా, మన కంటికి ఆ మనిషి గతం. ఫోటోకి అడ్డం.

అలాగని సెలవులకి ఎక్కడికీ వెళ్ళకూడదా? నా మటుకు నేను వెళ్తాను. వెళ్ళకపోతే ధర్మం నిలబడుతుంది అనేది సోమరి జవాబు. ఆ తాత చిన్న మనవడు ఆ రిసార్టులోనే ఈతకొలను దగ్గర పనిచేస్తాడు. "మంచి పని బాబూ. సముద్రంలోకి ఎల్లినోడు ఎప్పుడొత్తాడా అని ఇంట్లో ఎదురు సూడక్కర్లేదు" అని ఆయనే అన్నాడు. తుపాను రోజుల్లో ఒడ్డున నిలబడి ఎదురుచూడటం ఏంటో తెలిసిన మనిషి మాట అది. దాని ముందు మన జాలి చాలా చిన్నది. జాలరి జీవితం అందమైనది, దాన్ని మనం చెడగొట్టాం అని బాధపడటం కూడా ఒకరకంగా వాళ్ళని ఫోటోలో పెట్టుకోవడమే. ఇటు మా సీమ చేలకి నీళ్ళు కావాలి. అటు ఆ కుర్రాడికి ఉద్యోగం కావాలి. ఊళ్ళు మారతాయి. మరి నా ఒళ్ళు వేడెక్కింది దేనికి?

ఇది ఆలోచిస్తుంటే మన క్షేత్రాలు గుర్తొచ్చాయి. తిరుమలా ఒకప్పుడు అడవే. శ్రీశైలం చెంచుల కొండ. అహోబిలమూ అంతే. పూరీ స్వామిని మొదట నీలమాధవుడిగా కొలిచింది శబరుడైన విశ్వావసు అని కథ. బయటి నుంచి జనం వచ్చారు, రాజులు వచ్చారు, గోపురాలు లేచాయి, సత్రాలు లేచాయి. ఒకరకంగా అవన్నీ కూడా ఎవరిదో ఊరు మనందరి ఊరుగా మారిన చోట్లే. కానీ అక్కడ "ఒకప్పుడు" అనలేదు. తిరుమలలో ఇవాళ్టికీ తెల్లవారుజామున బంగారు వాకిలి తెరిచేటప్పుడు ముందు లోపలికి వెళ్ళేది దివిటీ పట్టుకున్న సన్నిధి గొల్ల. పూరీలో స్నానయాత్ర నుంచి రథయాత్ర దాకా స్వామి సేవ దైతాపతులది, అంటే ఆ విశ్వావసు వంశం వాళ్ళమని చెప్పుకునేవాళ్ళది. శ్రీశైలం మల్లన్న చెంచులకి అల్లుడు, దేవుడి కంటే ముందు చుట్టం. మా ఇంటికి దగ్గర్లోని అహోబిలంలో అయితే ఇంకా గొప్ప సంగతి. సంక్రాంతి వెళ్ళగానే స్వామి పారువేటకి బయల్దేరి, నలభై రోజులకి పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో పల్లకి మీద తిరుగుతాడు. తన పెళ్ళికి రమ్మని తానే ఊరూరా పోయి పిలుస్తాడు. ఉత్సవం ఎవరి నేల మీద జరుగుతుందో వాళ్ళ గడపకి ముందు దేవుడు వెళ్తాడు.

గుళ్ళ చరిత్రలో అన్నీ న్యాయంగా జరిగాయని నేను అనను. ఎవరిని గడప బయట నిలబెట్టామో మనకి తెలుసు. కానీ స్థలపురాణం అనే పద్ధతిలో ఒక జ్ఞానం ఉంది. ఇది నీకంటే ముందు ఇంకొకరి చోటు, అతని పేరు తలుచుకోకుండా నీ దర్శనం మొదలవదు అని చెప్తుంది. రిసార్టు కార్డుకీ స్థలపురాణానికీ తేడా అక్కడ కనిపించింది నాకు. రెండూ ఆ ఊరి పాత కథే చెప్తాయి. ఒకటి ఆ మనిషిని సాగనంపడానికి చెప్తుంది, ఇంకోటి కూర్చోబెట్టడానికి చెప్తుంది.

ఇంక అతిథి ఎలా ఉండాలి అన్నదానికి రామాయణంలో గుహుడి ఘట్టం చూడండి. వాల్మీకిలో చూడండి, సీరియల్‌లో కాదు. శృంగిబేరపురానికి రాముడు వచ్చాడు. గుహుడు నిషాదుల రాజు, నది అతనిది, పడవలు అతనివి. రకరకాల భోజనాలు తెచ్చి, ఈ రాజ్యమంతా నీదే అనుకో అన్నాడు. మనకైతే అది వినడానికి ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీలా ఉంటుంది. రాముడు అతన్ని కౌగిలించుకున్నాడు. నడిచి వచ్చి పలకరించావు, అదే మాకు చేసిన పూజ అన్నాడు. భోజనం తీసుకోలేదు, వ్రతంలో ఉన్నాడు కాబట్టి. గుర్రాలకి మాత్రం మేత అడిగాడు. తను నేల మీద పడుకున్నాడు. పొద్దున గుహుడు తెప్పించిన పడవలో నది దాటాడు. అంత పెద్ద ఆతిథ్యంలోంచి తీసుకున్నది గుర్రాలకి గడ్డీ, నది దాటడానికి ఒక పడవా లాంటివే. మొదట ఇచ్చింది మాత్రం కౌగిలి. నేను ఆ క్రమం గురించి చాలా ఆలోచించాను. మనం ముందు చెక్ ఇన్ అవుతాం, అన్నీ వాడతాం, వెళ్ళేటప్పుడు టిప్ ఇస్తాం. డబ్బు కట్టాను కదా అన్న మాటతో పలకరింపు బాకీ తీరిపోయిందనుకుంటాం.

మా నాన్న ఒకమాట అంటుంటాడు, సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టుకోకూడదని. కార్తీక పూర్ణిమకో, మాఘ పూర్ణిమకో సముద్ర స్నానం, మిగతా రోజుల్లో దూరం నుంచి దండం. చిన్నప్పుడు అది చాదస్తంలా అనిపించేది. ఇప్పుడు ఆ 61 రోజుల నిషేధం పక్కన పెట్టి చూస్తే ఆ రెండూ ఒకే ఇంటి మాటల్లా ఉన్నాయి. బతుకుతెరువే సముద్రం అయినవాడు కూడా ఏడాదిలో రెండు నెలలు దాని జోలికి పోడు. ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ తాత మాట్లాడటం అయ్యాక లేచి, అంచుదాకా పోయి, వంగి నీళ్ళు తాకి కళ్ళకి అద్దుకున్నాడు. నిషేధంలో వేటకి వెళ్ళకపోయినా, రోజూ పొద్దున అది మాత్రం మానడట.

ఇదంతా తెలిశాక నేనేదో మారిపోయానని చెప్పను. మొన్న డిసెంబరులో మళ్ళీ బీచ్‌కే వెళ్ళాను, ఈసారి సూర్యలంక. రిసార్టులోనే దిగాను, ఏసీ కూడా వేసుకున్నాను. కాకపోతే మొదటి సాయంత్రం ఫోన్ గదిలో పెట్టి పేట వైపు నడిచాను. అమ్మవారి గుడి ఎక్కడ అని అడిగితే ఒకామె చూపించింది, ఏ ఊరు అని అడిగింది. కడప జిల్లా అంటే "అంత దూరం నుంచి నీళ్ళు చూడ్డానికొచ్చారా" అని ఆశ్చర్యపోయింది. అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చాను. దీంతో ఆ ఊరికి ఒరిగిందేమీ లేదు, నాకు తెలుసు. రాత్రి వెనక వైపు నుంచి వాసన వచ్చింది. కిటికీ మాత్రం వేశాను.

సంక్రాంతి రోజు సంగతి సగంలో వదిలేశాను కదా. ఆ కుర్రాళ్ళు ఫోటోలు తీసుకున్నాక ప్యాంట్లు మడుచుకుని నీళ్ళలోకి దిగబోయారు. అప్పటిదాకా పక్కన నిలబడి ఉన్న అవ్వ ఒక్కసారిగా చెయ్యెత్తి కేకేసింది.

"ఆడ దిగాకండ్రా నాయనా! ఆడ మా దిగుడుబాయి ఉంది."

వాళ్ళు ఆగిపోయారు. నీళ్ళ వైపు చూశారు. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇందాక పక్కకి జరగమన్న అబ్బాయి నెమ్మదిగా వెనక్కి వచ్చి, "ఎక్కడవ్వా?" అని అడిగాడు. అవ్వ అతని భుజం పట్టుకుని తిప్పి, వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఇది బాయి, దాని పక్కన మా చేను, అదో ఆ తెల్లగా మెరుస్తోందే, ఆడ చింతచెట్టు, దానికి ఇవతల మా ఇల్లు.